దిగడానికి ఫారం లేదు

నిడదవోలు జ్ఞానశిఖర ఉన్నత పాఠశాలలో పిల్లలు పదో తరగతి చదవడం మానేసిన ఏడాదే ఆ బడికి జిల్లాలోకెల్లా ఉత్తమ పాఠశాల అన్న బిరుదు వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం లేదనుకునేవాళ్ళకి విద్యాశాఖ సంగతి బొత్తిగా తెలియదన్నమాట.

జూన్ రెండో వారంలో పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల్ని బడికి పిలిచారు. హైమావతి ముందు వరసలో కూర్చుంది. ఆవిడ కూతురు లాస్య అప్పుడే పదిలోకి వచ్చింది. లాస్యకి ఉన్నది ఒకటే కోరిక. పది పాసై, పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, వంతెనలు కట్టాలి. రైలు గోదావరి దాటుతున్నప్పుడు మిగతా పిల్లలు కిటికీలోంచి నీళ్ళు చూస్తే, ఈ పిల్ల ఇనప దూలాలు లెక్కపెట్టేది.

ప్రిన్సిపాల్ మార్కండేయులు గారు మైకు పుచ్చుకుని గొంతు సవరించుకున్నారు.

"తల్లిదండ్రులారా! మన పిల్లలు ఎదిగి వచ్చేదాకా కాలేజీ, వాళ్ళ కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తూ ఉండాలా? ఏం పాపం చేసిందండీ కాలేజీ?"

కాలేజీ అంత అవస్థ పడుతోందని అక్కడెవరికీ అంతవరకూ తెలియదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఈ ఏడాది నుంచి మన పదో తరగతి పిల్లలు బడిలో కూర్చునే డిగ్రీ చదువుతారు. సమాంతర ఉన్నత విద్యా సత్వర ప్రవేశ పథకం కింద మనం సర్వత్ర ఆన్‌లైన్ విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదుర్చుకున్నాం. మామూలుగా మూడేళ్ళ డిగ్రీ. వీడియోలు రెండింతల వేగంతో చూస్తే ఏడాదిన్నర. ఆదివారాలూ పండగలూ కూడా చూస్తే తొమ్మిది నెలలు. అంటే మార్చికల్లా మీ పిల్లలు పట్టభద్రులు!"

వెనక వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. హైమావతి చెయ్యెత్తింది.

"మరి పదో తరగతి పాఠాలు ఎప్పుడు చదువుతారండీ?"

మార్కండేయులు గారు చిరునవ్వు నవ్వారు. "మంచి ప్రశ్న. అది అనుబంధ అంశం. అనుబంధ అంశాలను అనుబంధ సమావేశంలో చర్చిస్తాం."

పక్కనున్న భర్త గోపాలం ఆవిడ మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. బజారు వీధిలో ఆయనకి రంగుల దుకాణం ఉంది. "నీకన్నీ అనుమానాలే. నేను డిగ్రీ మూడో ఏడు రెండుసార్లు తప్పాను. నా కూతురు పదిలోనే కొట్టేస్తుంటే నీకేంటి బాధ?"

"బాధ కాదండీ. అడిగాను."

"అదే వద్దంటున్నాను."

అంగీకార పత్రం ఇచ్చారు. అందరూ సంతకాలు చేసి టీ తాగడానికి వెళ్ళారు. హైమావతి మాత్రం కాగితం తిప్పి వెనక వైపు కూడా చదివింది. బీయస్సీ చదివే రోజుల నుంచీ ఆవిడకి అదొక అలవాటు. పదకొండో నిబంధన ఇలా ఉంది: విద్యార్థి ఉన్నత స్థాయిలో నమోదైన తక్షణం దిగువ స్థాయి నమోదు అందులో విలీనమగును.

"దీనర్థం ఏంటండీ?" అని ప్రిన్సిపాల్‌ని అడిగింది.

"లాంఛనం అమ్మా. కాగితం మీద పదకొండో నంబరు ఖాళీగా ఉండకూడదు కదా."

గోపాలం అప్పటికే సంతకం చేసేశాడు.

*

నలభై ఎనిమిది మంది పిల్లలకి నలభై ఎనిమిది ట్యాబులు, నలభై ఎనిమిది ఇయర్‌ఫోన్లు వచ్చాయి. చదువు పేరు వ్యాపార నిర్వహణలో డిగ్రీ. సంస్థాగత ప్రవర్తన, పారిశ్రామిక సంబంధాలు, నాయకత్వ లక్షణాలు వగైరా పాఠాలు. కోటు వేసుకున్న ఆచార్యుడొకాయన రెండింతల వేగంతో మాట్లాడేవాడు. ఇంటికి పట్టుకొచ్చి పెడితే, లాస్య నానమ్మ తాయారమ్మ గారు ఒక్క క్షణం విని, "పాపం, ఈయనెవరో బస్సు తప్పిపోయేలా ఉన్నాడే" అంది.

పిల్లలు నిజంగా వింటున్నారో లేదో తెలుసుకోవడానికి విశ్వవిద్యాలయం వారు ఒక ఏర్పాటు చేశారు. ఏడు నిమిషాలకోసారి గంట మోగి, తెర మీద 'మీరు ఉన్నారా?' అని వస్తుంది. 'ఉన్నాను' అని నొక్కాలి. నొక్కితే విన్నట్టు లెక్క. నలభై ఎనిమిది ట్యాబులూ ఒకేసారి మొదలుకావు కనక, తరగతి గదిలో ఎప్పుడూ ఎక్కడో ఒక చోట గంట మోగుతూనే ఉండేది. దారిన పోయేవాళ్ళు లోపల ఏదో పూజ జరుగుతోందనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకునేవారు.

లెక్కల టీచరు సుగుణ గారిని పాఠం చెప్పవద్దన్నారు. పాఠం చెబితే శబ్దం అవుతుంది, శబ్దం వల్ల ఉన్నత విద్యకు భంగం కలుగుతుంది. ఆవిడ హోదాని 'నిశ్శబ్ద సమన్వయకర్త'గా పెంచారు. ఇరవై రెండేళ్ళుగా పదో తరగతికి లెక్కలు చెప్పిన మనిషి కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజున మాట్లాడకుండా లేచి బోర్డు మీద వర్గ సమీకరణం రాసింది. పిల్లలు గబగబా నోటు పుస్తకాలు తీశారు. మర్నాడు నోటీసు వచ్చింది: సుద్దముక్క గీసుకునే శబ్దం కూడా శబ్దమే.

అప్పట్నుంచి సుగుణ టీచరు మధ్యాహ్నం అన్నాల వేళ మెట్ల కింద లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. ఒక చేత్తో పప్పన్నం కలుపుకుంటూ, ఇంకో చేత్తో నేల మీద వేలితో త్రిభుజాలు గీసేది. పదిమందో పన్నెండుమందో వచ్చేవారు. లాస్య ఒక్క రోజు కూడా మానలేదు. సాయంత్రం ఇంట్లో లాస్య పదో తరగతి సైన్సు చదువుకుంటుంటే తాయారమ్మ గారు పక్కన కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, గంట మోగినప్పుడల్లా 'ఉన్నాను' నొక్కేది.

"నేనే కదే ఉన్నాను. అబద్ధమేముంది ఇందులో?" అనేదావిడ.

మొదటి సెమిస్టరులో లాస్యకి నాయకత్వ లక్షణాల్లో తొంభై ఒక్క మార్కులు వచ్చాయి. అందులో లాస్యవి ఎన్నో, తాయారమ్మ గారివి ఎన్నో విశ్వవిద్యాలయమే తేల్చాలి.

దసరా సెలవులనాటికి ఊరంతా బ్యానర్లు లేచాయి. 'మా పదో తరగతి పిల్లలు డిగ్రీ రెండో సంవత్సరంలో!' అని జ్ఞానశిఖర వారు కట్టారు. కాలువ అవతలి బడివాళ్ళు ఊరుకుంటారా? 'మా ఎనిమిదో తరగతి పిల్లలు ఎంబీయే!' అని కట్టారు. సంతపేటలో పసిపిల్లల బడి నడిపే ఆవిడ తక్కువదా? 'మా దగ్గర ఎల్‌కేజీలోనే ఇంటర్మీడియట్ పునాది. డైపర్లు మీరే తెచ్చుకోవాలి' అని కట్టింది. గోపాలం దుకాణంలో ఎరుపూ పసుపూ రంగులు అయిపోయాయి.

*

డిసెంబరులో పదో తరగతి పరీక్షలకి పిల్లల పేర్ల జాబితా కంప్యూటర్లో పంపాలి. జ్ఞానశిఖర వారు మీట నొక్కారు. జాబితా వచ్చింది. అందులో ఒక్క పేరు కూడా లేదు.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష దరఖాస్తులో పదో తరగతి హాల్ టికెట్ నంబరు వెయ్యమని అడిగారు. ఆ నంబరు కోసం లాస్య బడిలో వాకబు చేస్తే ఈ సంగతి బయటపడింది. మర్నాడు పొద్దున్నే హైమావతి కూతుర్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"హాల్ టికెట్ ఎందుకు రాదండీ?"

"రాదమ్మా. ఎలా వస్తుంది? ఒక విద్యార్థి రెండు చోట్ల ఉండకూడదని కంప్యూటర్‌కి నియమం ఉంది. మీ అమ్మాయి కాలేజీలో ఉంది. పైదాన్ని ఉంచి కిందిదాన్ని కొట్టేసింది. విలీనమన్నమాట. పదకొండో నిబంధన మీరు చదివారుగా?"

"చదివాను. మీరే లాంఛనం అన్నారు."

"లాంఛనంగానే జరిగింది. నలభై ఎనిమిది మందికీ జరిగింది. జిల్లాలో ఈసారి పదో తరగతి తప్పబోయేవాళ్ళు ఒక్కరు కూడా లేని బడి మనదొక్కటే. రాసేవాళ్ళుంటే కదమ్మా తప్పడానికి! అందుకే బిరుదు ముందే ఇచ్చేశారు." గోడ మీది ఫలకం చూపించారు. ఇంకా పారదర్శక కాగితం కూడా విప్పలేదు.

"సార్, నేను పాలిటెక్నిక్‌లో చేరాలి. పది పాసవకపోతే చేర్చుకోరు" అంది లాస్య.

మార్కండేయులు గారు జాలిగా చూశారు. "డిగ్రీ పూర్తికాబోతున్న పిల్ల డిప్లొమాకి దిగుతుందా? అది విద్యా అవరోహణ అవుతుంది తల్లీ. ఆశయాలు పెద్దవి ఉండాలి."

"వంతెన పెద్దదే కదండీ?"

ఆయన జిల్లా కార్యాలయంలో అడగమన్నారు.

*

జిల్లా కార్యాలయంలో సత్వర ప్రవేశ విభాగానికి ఉపసంచాలకులు పుండరీకం గారు. తల్లీ కూతుళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, సాదరంగా మంచినీళ్ళు ఇప్పించి, విషయమంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"అమ్మా, మా విభాగంలో ఆరోహణకు నమూనా పత్రం తొమ్మిది ఉంది. బడి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి పైకి. అవరోహణకు నమూనా పత్రం రూపొందించబడలేదు."

"అంటే దిగడానికి ఫారం లేదా అండీ?"

"సరిగ్గా చెప్పారు."

"రూపొందించవచ్చు కదండీ?"

"తప్పకుండా. అవరోహణ కోరుకునే విద్యార్థులు ఇంతమంది ఉన్నారని గణాంకాలు ఉండాలి. గణాంకాలు దేన్నుంచి వస్తాయి? దాఖలైన ఫారాల నుంచి."

హైమావతి ఆ మాటని ఒకసారి మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా సందు దొరకలేదు.

"పోనీ కాలేజీ మాన్పించేస్తాం. మానేస్తే మళ్ళీ బడిలోకి వస్తుంది కదా?"

"స్వచ్ఛంద విరమణా? ఉంది, దానికి ఫారం ఉంది." పుండరీకం గారు ఉత్సాహంగా సొరుగు లాగి కాగితం తీశారు. "దీనికి పుట్టిన తేదీ రుజువు జతచేయాలి. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ మాత్రమే అంగీకరించబడును."

లాస్య నవ్వింది. ఆ నవ్వు ఆపుకోలేకపోయింది. తరవాత ఏడుపు కూడా ఆపుకోలేకపోయింది. పుండరీకం గారు ఇంకో గ్లాసు మంచినీళ్ళు తెప్పించారు.

"నిరాశ వద్దు. ఒక మార్గం ఉంది. కాలేజీలో తప్పినవారు దిగువ స్థాయికి తిరిగి పంపబడతారు. మీ అమ్మాయి ఒక్క సబ్జెక్టు తప్పితే చాలు."

*

ఆ విధంగా లాస్య జీవితంలో మొదటిసారి ఫెయిలవడానికి కూర్చుంది. ఇల్లంతా సాయానికి వచ్చింది. ఈ విద్యలో అనుభవం ఉన్నది గోపాలం ఒక్కడికే కనక ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు.

"నేనైతే ఏమీ చదవకుండా వెళ్ళేవాణ్ణమ్మా. అదే వచ్చేసేది" అన్నాడాయన, కొంచెం సిగ్గుపడుతూనే.

'నాయకుడికి ఉండవలసిన ఐదు లక్షణాలు వివరించుము' అన్న ప్రశ్నకి లాస్య గోంగూర పచ్చడి చేసే విధానం టైపు చేసింది. తాయారమ్మ గారు పక్కనుంచి చెబుతూ వచ్చింది. "ఆకు కడిగి ఆరబెట్టాలి, తడి ఉండకూడదని రాయి. ఎండుమిర్చి మాడకూడదు. అది రాయకపోతే ఎవరైనా చూసి చేసుకుంటే పాడైపోతుందే."

ఎనభై ఏడు మార్కులు వచ్చాయి. కంప్యూటరు దిద్దేది మాటల సంఖ్యని బట్టి. కింద వ్యాఖ్య కూడా ఉంది: దశలవారీ ఆలోచన ప్రశంసనీయం.

రెండో పరీక్షలో లాస్య ఏమీ రాయకుండా ఖాళీ కాగితం పంపింది. అరవై నాలుగు. 'భావ సంక్షిప్తతకు అదనపు మార్కులు ఇవ్వబడినవి.'

"ఇక గంట మోగినా నేను నొక్కను" అని తాయారమ్మ గారు శపథం చేసి, రెండు రోజులు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గంట మోగీ మోగీ అలిసిపోయి, తెర మీద ఇలా వచ్చింది: 'మీ ఏకాగ్రతకు పదేపదే భంగం కలిగించినందుకు చింతిస్తున్నాము. ఇకపై మీ హాజరు స్వయంగా నమోదగును.'

హైమావతి విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసింది. అవతల ఒకమ్మాయి మర్యాదగా మాట్లాడింది.

"మేడమ్, మా పథకంలో ఉత్తీర్ణత నూటికి నూరు శాతం అని ప్రభుత్వానికి ముందే నివేదిక ఇచ్చేశాం. ఫలితాలు దానికి అనుగుణంగా ఉండాలి కదండీ."

"మరి ఎవరైనా ఫెయిలవ్వాలనుకుంటే?"

"దానికి ప్రత్యేక శిక్షణ కావాలి మేడమ్. ప్రస్తుతం మా దగ్గర ఆ కోర్సు లేదు."

హాజరు దానంతటదే పడుతూ ఉండడంతో, మార్చి దాకా ఆగకుండా జనవరి నెలాఖరుకే లాస్య డిగ్రీ పూర్తయిపోయింది. జిల్లాలో ప్రథమ స్థానం. స్వర్ణ పతకం చిత్రం ఫోన్‌కి పంపారు. లాస్య దాన్ని చూడను కూడా చూడలేదు. ఇప్పుడిక పట్టభద్రురాలు పది రాయడమేమిటి? పాలిటెక్నిక్ వాళ్ళు మాత్రం నువ్వు డిగ్రీ కాదు, ఇంకేం చదివినా సరే, పది పాసైన కాగితం ఉందా అని అడుగుతారు. ఆ పిల్ల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"నేను పనికిమాలినదాన్నా అమ్మా? ఫెయిలవడం కూడా చేతకాలేదు."

మర్నాడు హైమావతి ఒక్కతే బస్సెక్కి జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. పుండరీకం గారు లేరు. వరండాలో నోటీసు బోర్డు ఉంది. దాని మీద ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి అంటించిన కాగితాలు. ఆవిడ చేతిసంచీ కింద పెట్టి, పైనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చదివింది. బోర్డు అంతా చదివిన మనిషిని ప్యూను ఉద్యోగంలో చేరాక అప్పుడే చూశాడు.

"ఏం వెతుకుతున్నారమ్మా?"

"తెలీదు బాబూ. కనిపిస్తే తెలుస్తుంది."

మూడు గంటలకి కనిపించింది. ఓ మూల, సగం చిరిగిన కాగితం: పదునాలుగేళ్ళు నిండి, ఏ పాఠశాలలోనూ ఎన్నడూ పేరు నమోదు కాని బాలబాలికలు నేరుగా పదో తరగతి పరీక్షకు అర్హులు. గడువు ఫిబ్రవరి పది.

*

"ఈ అమ్మాయా?" పుండరీకం గారు అద్దాలు పైకి జరుపుకున్నారు. "బడికి వెళ్ళని పిల్లా?"

"మీ కంప్యూటర్లో చూడండి" అంది హైమావతి.

ఆయన చూశారు. కాలేజీలో చేరిన తక్షణం దిగువ స్థాయి నమోదు విలీనమైపోయింది కదా. పాఠశాల అన్న గడికి ఎదురుగా గీత ఉంది. ఒకటో తరగతి నుంచి పది దాకా వరసగా గీతలే.

"నిజమే. ఈ అమ్మాయి ఎన్నడూ బడి ముఖం చూడలేదు."

"నేను తొమ్మిదేళ్ళు వెళ్ళానండీ, ఒకటో తరగతిలో నాకు..." అని లాస్య మొదలుపెట్టింది. హైమావతి బల్ల కింద గిల్లింది.

"రికార్డుకి విరుద్ధంగా మాట్లాడకూడదమ్మా" అన్నారు పుండరీకం గారు వాత్సల్యంగా. దరఖాస్తు ఆయనే నింపారు. లాస్య సంతకం చెయ్యడానికి పెన్ను తీసింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

"సంతకం కాదు. వేలిముద్ర. బడికి వెళ్ళని పిల్ల సంతకం పెడితే దరఖాస్తు తిరస్కరించబడును."

ఇంకు పెట్టె ముందుకి తోశారు. లాస్య దానివైపు చూడకుండా తల్లివైపు చూసింది.

"నాకు రాయడం వచ్చమ్మా."

"తెలుసే."

"నేను సంతకమే పెడతాను."

అయిదేళ్ళ పిల్ల పలక మీద తన పేరు మొదటిసారి తప్పు లేకుండా రాసి, చెరపనివ్వకుండా రాత్రి దిండు పక్కన పెట్టుకుని పడుకున్న సంగతి హైమావతికి గుర్తొచ్చింది. ఆ పిల్ల చేత ఇప్పుడీ పని చేయించాలి. నోటీసు బోర్డు చదవడానికి అరపూట పట్టింది. ఈ మాట అనడానికి అంతకన్నా ఎక్కువ సేపు పట్టేలా ఉంది.

"పరీక్షలో ఎంత కావాలంటే అంత రాద్దువుగాని లాస్యా. ముందు లోపలికి వెళ్ళాలి కదా. వెయ్యి."

లాస్య ఎడం చేతి బొటనవేలు ఇంకులో అద్ది, కాగితం మీద నొక్కింది. గట్టిగా నొక్కింది. ముద్ర చాలా స్పష్టంగా వచ్చిందని పుండరీకం గారు మెచ్చుకున్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. ఆయనకి ఆ సాయంత్రం రికార్డులు సరిచూస్తుంటే ఒక విశేషం తట్టింది. బడి ముఖం చూడని బాలిక, డిగ్రీ, అందులో స్వర్ణ పతకం! ఒళ్ళు గగుర్పొడిచింది. వారం తిరక్కుండా అన్ని బడులకీ ఉత్తరువు వచ్చింది:

'అధ్యయనంలో తేలినది ఏమనగా, పాఠశాల విద్య పూర్తిగా లోపించిన విద్యార్థులు ఉన్నత విద్యలో అత్యుత్తమ ఫలితాలు సాధించుచున్నారు. కావున పాఠశాల అనునది ఉన్నత విద్యకు అవరోధముగా పరిణమించుచున్నదేమో పరిశీలించి, పాఠశాలలు తగు చర్యలు తీసుకొనవలెను.'

మిగతా నలభై ఏడు మంది తల్లిదండ్రులు హైమావతిని అడిగి, పిల్లల్ని వరసలో నిలబెట్టి వేలిముద్రలు వేయించారు. పిల్లల్ని బడికి దూరంగా ఉంచి తీర్చిదిద్దినందుకు మార్కండేయులు గారికి రెండో ఫలకం వచ్చింది. కాలువ అవతలి బడివాళ్ళు రాత్రికి రాత్రే బ్యానరు మార్చారు: 'మా బడిలో చేర్చండి. మీ పిల్లలు బడి ముఖం చూడనవసరం లేదు!'

*

మార్చిలో పరీక్షలు మొదలయ్యాయి. జ్ఞానశిఖర పిల్లల హాల్ టికెట్ల మీద ఎర్ర అక్షరాలతో 'నిరక్షరాస్య అభ్యర్థి' అని ముద్ర వేశారు. వాళ్ళకి వేరే గది. నియమం ప్రకారం ప్రశ్నపత్రాన్ని ఇన్విజిలేటర్ మూడుసార్లు గట్టిగా చదివి వినిపించాలి. తెలుగు మేష్టారొకాయన భౌతిక శాస్త్రం పేపరు సూత్రాలతో సహా రాగయుక్తంగా చదివి, నీరసించి కూర్చున్నాడు. పిల్లలు రోజూ ఇంకులో వేలు అద్ది ముద్ర వేసి, ఆ వేలు పేపరుకి అంటకుండా పైకెత్తి పట్టుకుని, కుడిచేత్తో రాసుకుపోయేవారు. ఇంటికొచ్చాక తాయారమ్మ గారు నిమ్మచెక్కతో మనవరాలి వేలు రుద్దేది. "ఓట్లేసినా ఇంత సిరా పట్టదే తల్లీ" అనేది.

చివరి రోజు లెక్కల పరీక్ష. గేటు బయట హైమావతితో పాటు సుగుణ టీచరు కూడా నిలబడింది. పరీక్ష మొదలైన రెండు గంటలకి తెల్లకారు ఒకటి వచ్చి ఆగింది. తనిఖీ బృందం. ముందు సీట్లోంచి పుండరీకం గారు దిగారు. హైమావతి గేటు దగ్గరికి జరిగింది. ఆయన లోపలికి వెళ్ళారు. పావుగంటయినా బయటికి రాలేదు.

"వాళ్ళ గదిలోనే ఉన్నట్టున్నాడు" అంది సుగుణ టీచరు.

"ఆపేస్తారంటారా?"

సుగుణ టీచరు చేతిలో ఉన్న చేతిరుమాలుని తాడులా మెలితిప్పేసింది.

అరగంటకి పుండరీకం గారు బయటికి వచ్చి, ఎవరివైపూ చూడకుండా ఫోన్‌లో ఏదో ఉత్సాహంగా చెప్పుకుంటూ కారెక్కి వెళ్ళిపోయారు. ఇంకాసేపటికి గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. లాస్య చివర్న వచ్చింది.

"ఏమైందే? ఏమన్నాడాయన?"

"నన్ను పట్టుకున్నాడమ్మా."

"దేనికి?"

"రాస్తున్నానని." లాస్యకి నవ్వు వస్తోంది. "కాపీ కొడుతున్నానని కాదు. రాస్తున్నానని! నిరక్షరాస్యులు రాయడం నియమావళికి విరుద్ధం, పేపరు లాగేసుకుంటానన్నాడు. బడికి వెళ్ళలేదు, డిగ్రీ అంతా మీట నొక్కే చదువు, మరి ఈ చేతిరాత ఎక్కడిది, ఎవరు నేర్పారు, చెప్పు అన్నాడు. పేపరు ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస నా చేతిలో."

"నువ్వేమన్నావ్?"

"ఆన్‌లైన్‌లో నేర్చుకున్నానండీ అన్నాను."

హైమావతి ఊపిరి పీల్చుకుంది.

"ఏ కోర్సులో అన్నాడు. నాయకత్వ లక్షణాల్లోనండీ అన్నాను. అంతే, పేపరు వదిలేశాడు. నా బల్ల పక్కనే నిలబడి రిపోర్టు రాసుకున్నాడు. చేతిరాత కూడా ఆన్‌లైన్‌లోనే వచ్చేస్తోందని పైవాళ్ళకి పంపిస్తాట్ట."

అప్పుడు చూసింది లాస్య, తల్లి వెనక నిలబడ్డ సుగుణ టీచరుని. లాస్య మొహం వాడిపోయింది.

"టీచర్... మీ పేరు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే బడికి వెళ్ళానని తేలిపోతుంది. ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. నాకు చివరి లెక్క ఒకటి మిగిలి ఉంది."

సుగుణ టీచరు మెలితిప్పిన చేతిరుమాలు విప్పి, దులిపి, నడుముకి దోపుకుంది.

"అది సరే. ఆ చివరి లెక్క వచ్చిందా?"

"వచ్చింది టీచర్."

"ఎంత వచ్చింది?"

"పదిహేడున్నర."

సుగుణ టీచరు గేటు పక్కనున్న అరుగు మీద చతికిలబడి, దుమ్ములో చూపుడు వేలితో త్రిభుజం గీసింది.

"ఎలా వచ్చిందో చూపించు."